ఆవుకు అనాప్లాస్మా అన్నరు, గోమార్లను గోర్లతోని నలిపే మా నాయినకు ఏమన్నా అయితదా?

దేవరకొండ_పాడి:

అందరికి నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు, రెండు బర్లు ఉన్నయ్, ఐదు వారాల కింద సంతల ఒక హెచ్ఎఫ్ క్రాస్ (విదేశీ జాతి కలిసిన) ఆవును కొన్నం, రెండో ఈత, పూటకు ఐదు లీటర్లు ఇస్తదని చెప్పిండ్రు, ఇచ్చింది కూడా. పది రోజుల కిందికెంచి మేత సరిగ తింటలేదు, పాలు రెండు లీటర్లకు పడ్డయ్, ఒళ్లు పట్టి చూస్తే కాలుతున్నది. పెండ గట్టిగ, నల్లగ, ముద్దలు ముద్దలు పడుతున్నది. కంటి రెప్ప ఎత్తి చూస్తే ఎర్రగ ఉండాల్సింది తెల్లగ, అంచులకు పసుపు రంగు వచ్చింది. పశువుల దవాఖాన డాక్టర్ చెవి దగ్గర ఒక చుక్క రక్తం తీసి అద్దం ముక్క మీద రుద్ది చూసి అనాప్లాస్మా అన్నడు, గోమార్లతోని వచ్చే బాక్టీరియా అంట. ఇంజక్షన్ చేసిండు, రెండు దినాలాయె, ఇంక నిలబడుతున్నది కానీ కొట్టంల నాలుగు అడుగులేస్తే రొప్పుతున్నది.

నాకు మూడు అడగాల్సినయ్ ఉన్నయ్. ఒకటి, ఆవు తెచ్చిన రోజే మా నాయిన పొద్దుగూకేదాంక కూసొని చెవులు, మెడ కింద గంగడోలు, పొదుగు సందులు అన్ని వెతికి గోమార్లు ఏరేసిండు, అయినా ఎట్ల వచ్చింది? రెండు, బర్లకు వస్తదా? మూడోది అసలు భయం. నాయినకు ఏరిన గోమారిని అక్కడనే బొటనవేలి గోరుతోని నలిపే అలవాటు, చేతుల నిండ రక్తం అయితది, ఆయన చేతులకు ఎప్పుడు పగుళ్లే. మొన్న మా ఇంట్లోళ్లు ఆ చేతులు చూసి అన్నంల కూడా పెట్టనిస్తలేరు. రెండేండ్ల కింద మా కుక్కకు కూడా ఒళ్లంత గోమార్లే ఉండె, ముక్కుల నుంచి రక్తం కారి పది దినాలల్ల పోయింది, అప్పుడు పాము కరిచిందేమో అనుకున్నం. దానికి దీనికి ఏమన్నా సంబంధం ఉన్నదా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

పాలమూరు_పశువైద్యం:

తమ్ముడూ, మొదలు భయం తీసేస్త. ఆవుకు వచ్చింది అనాప్లాస్మా మార్జినేల్ అయితే అది పశువుల బాక్టీరియా, మనుషులకు అంటదు. పాలు కాచి తాగితే దీనితోని ప్రమాదం లేదు, కాకపోతే ఇంజక్షన్ చేసినంక మీ డాక్టర్ చెప్పినన్ని దినాలు ఆ పాలు ఇంట్ల తాగొద్దు, పాల కేంద్రానికి పొయ్యొద్దు, మందు పాలల్లకు వస్తది.

నాయిన చేసిన పని తప్పు కాదు, కానీ ఆలస్యం అయింది. ఈ రోగం ఒంట్లకు చొరబడ్డ నాడే బయటపడదు, ఎక్కువగ మూడు నాలుగు వారాలు లోపల పెరుగుతది, అప్పుడు కనబడుతది. మీరు కొన్ననాటికే ఆవు ఒంట్ల ఉన్నదేమో, లేకుంటే మీ కొట్టంల కుట్టిన గోమారిల ఉన్నదేమో, ఇప్పుడు తేల్చలేం.

గోమారి మామూలు పురుగు కాదు, ఎనిమిది కాళ్లది, సాలీడు జాతిది. దాని నోట్ల ఉన్నది సూది లెక్క ఉండదు, రంపం లెక్క ఉంటది, పండ్లు వెనకకు తిరిగి ఉంటయ్, అందుకే గుంజితే రాదు. దిగినంక ఉమ్మితోని సిమెంట్ వేసుకున్నట్టు అతికించుకుంటది. ఆ ఉమ్మిల ఇంకా చానా ఉన్నయ్, రక్తం గడ్డకట్టనియ్యనివి, నొప్పి తెలవనియ్యనివి, ఒంట్ల కాపలా కాసే తెల్లకణాలను ఆ జాగకు రానియ్యనివి. దోమ అయితే ఒక నిమిషంల పని చూసుకొని పోతది, ఇది దినాలకు దినాలు అదే జాగల ఉండాలె కాబట్టి ఇన్ని సౌకర్యాలు చేసుకున్నది. బాక్టీరియాకు కావల్సింది సరిగ్గ గదే. గోమారి తన కోసం తెరిచిన తొవ్వల, తన కోసం పక్కకు జరిపిన కాపలా మధ్యల నుంచి అది దర్జాగ లోపలికి పోతది.

అనాప్లాస్మా మొదలు గోమారి కడుపుల గోడ కణాలల్ల పెరుగుతది, తర్వాత ఉమ్మి గ్రంథులకు చేరుతది. ఆవు ఒంట్ల పడ్డంక నేరుగ ఎర్రరక్త కణంల దూరి కాపురం పెడుతది. మీ డాక్టర్ అద్దం ముక్క మీద రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఎర్రకణం అంచుకు ఆనుకొని నల్లటి చుక్క కనబడుతది, మధ్యల కాదు అంచుకే, ఆ మార్జిన్ మీదనే దానికి మార్జినేల్ అని పేరు. చుక్క ఉన్న కణాన్ని ఆవు ఒళ్లే గుర్తుపట్టి ప్లీహంల ఏరిపారేస్తది. అంటే రోగం చంపిన కణాలకంటె ఒళ్లు తనకు తాను తీసేసుకున్న కణాలు ఎక్కువ, అందుకే రెప్పలు తెల్లవడ్డయ్, పసుపు వచ్చింది, నాలుగడుగులకే రొప్పు. అందుకే ఇప్పుడు దాన్ని తోలకండి, ఎండల కట్టెయ్యకండి, మందు ఇచ్చేటప్పుడు కూడా నలుగురు పట్టుకొని గుంజుడు వద్దు, రక్తం లేని ఆవు ఆ ఆయాసానికే పడిపోతది. నీళ్లు, పచ్చిమేత ముందట పెట్టి నీడకు వదిలెయ్యుండ్రి.

మూత్రం ఏ రంగు ఉన్నదో మీరు రాయలేదు. కాఫీ రంగుల వస్తే అది బాబేసియా, గోమారితోనే వస్తది కానీ బాక్టీరియా కాదు, దాని మందు వేరు. తైలేరియా కూడా అంతే, బాక్టీరియా కాదు, గొంతు కాడ గడ్డలు వాస్తయ్, దానికి ఇంకో మందు. గందుకే రక్తం చూడకుండ ఎవరో చెప్పిన ఇంజక్షన్ వెయ్యొద్దని మొత్తుకుంటం.

కుక్క సంగతి చదివి బాధైంది. గోమార్లు, ముక్కుల రక్తం అంటే ఎర్లికియా కేనిస్ అయి ఉండొచ్చు, చూడని కుక్క గురించి ఖాయం అనలేను. ఇదీ అనాప్లాస్మాకు చుట్టమే, కాకపోతే ఎర్రకణంల కాదు తెల్లకణంల ఉంటది. సూక్ష్మజీవిని మింగి అరిగించుకోవాల్సిన కణంలనే పోయి కూసుంటది, అరిగించే సంచి తన దగ్గరకు రాకుండ ఆపుకొని లోపలనే గుత్తులు గుత్తులు పెరుగుతది. రక్తం గడ్డకట్టించే ప్లేట్లెట్లు పడిపోతయ్, గందుకే ముక్కుల నుంచి కారుడు. వియత్నాం యుద్ధంల అమెరికా సైన్యం కుక్కలు చానా దీనితోనే పోయినయ్. మొదట్లనే పట్టుకుంటే డాక్సిసైక్లిన్ 28 దినాలు ఇస్తే చానా కుక్కలు బతుకుతయ్.

దేవరకొండ_పాడి:

సార్ మస్తు థాంక్స్. మూత్రం మామూలుగనే ఉన్నది, పసుపు. బర్ల గురించి చెప్పలేదు సార్. ఇంకోటి, మా పక్కింటాయన అంటున్నడు ఈ రోగం సూదితోని కూడా వస్తది, ఊర్లె ఒకాయన ఒకటే సూదితోని అందరి పశువులకు వేసుకుంట పోతడు అని. నిజమేనా?

పాలమూరు_పశువైద్యం:

నిజమే. రోగం ఉన్న పశువు రక్తం అంటిన సూది ఇంకో పశువుకు గుచ్చితే అనాప్లాస్మా అంటుకుంటది, జోరీగలు ఒకదాని మీద కుట్టి వెంటనే ఇంకోదాని మీద వాలితే కూడా వస్తది. పశువుకో సూది అడుగుండ్రి, ఇవ్వనంటే మీరే కొని పెట్టుండ్రి, రెండు మూడు రూపాయల పని.

బర్లకు సోకుతది కానీ నాటు పశువులు, బర్లు ఎక్కువగ తట్టుకుంటయ్, హెచ్ఎఫ్, జెర్సీ క్రాస్‌లకే దెబ్బ గట్టిగ తగులుతది. వయసు కూడా ఉన్నది, చిన్న దూడలకు పెద్దగ తెలవకుండనే పోతది, రెండేండ్లు దాటినయి ప్రాణం మీదికి తెచ్చుకుంటయ్.

ఒక సంగతి మాత్రం మనసుల పెట్టుకో తమ్ముడూ. ఆవు కోలుకున్నంక కూడా ఈ బాక్టీరియా దాని రక్తంల కొద్దికొద్దిగ ఉండనే ఉంటది, చానాసార్లు బతికినన్ని దినాలు. ఒళ్లు దాన్ని గుర్తుపట్టి తయారయ్యేలోపల అది పైన వేసుకున్న అంగీ మార్చేస్తది, పైపొర ప్రొటీన్ మార్చుకొని కొత్తదాని లెక్క కనబడుతది, మళ్ల ఒళ్లు దాన్ని నేర్చుకుంటది, మళ్ల అంగీ మారుతది. అందుకని మీ ఆవు ఇగ నుంచి ఆ కొట్టంల గోమార్లకు బాక్టీరియా అందించే బావి లెక్క. ఆడ గోమారి ఒకసారి అతుక్కుంటే కడుపు నిండేదాంక కదలదు, మొగది అట్ల కాదు, ఈ ఆవు మీదికెంచి పక్కన కట్టేసినదాని మీదికి పోతది, అట్ల పోయి అంటిస్తది. గోమార్లను తగ్గిస్తేనే ఆ బావిల నుంచి తోడుడు తగ్గుతది.

మీ కథ వింటే పాతది ఒకటి గుర్తొచ్చింది. అమెరికాల దక్షిణం నుంచి పశువులను ఉత్తరానికి తోలుకపోతే ఆ వచ్చినయి మంచిగనే ఉంటుండె, అక్కడి స్థానిక పశువులు మాత్రం చచ్చిపోతుండె. ఎందుకో ఎవరికి తెలవదు. థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు ఒక పని చేసిండ్రు, దక్షిణం పశువుల మీది గోమార్లను చేత్తోని ఏరేసి స్థానిక పశువులతోని కలిపి ఉంచిండ్రు, రోగం రాలేదు. పశువులు లేకుండ ఉత్త గోమార్లనే గడ్డిల చల్లిండ్రు, రోగం వచ్చింది. 1893ల అచ్చేసిండ్రు. అది బాబేసియా, కానీ గోమారి రోగాన్ని మోస్తదని ప్రపంచానికి తెలిసింది ఆ చేత్తో ఏరిన పనితోనే. కాబట్టి మీ నాయిన ఏరుడు మానొద్దు, నలుపుడు మాత్రమే మానాలె.

గొర్లమంద_అచ్చంపేట:

అన్నా నాది కూడా చెప్త, ఇది గొర్లోళ్లకు కూడా కావాల్సిన ముచ్చట. మాది అచ్చంపేట దిక్కు, 120 గొర్లు, వానకాలం నల్లమల అంచుకు మేపుతం, ఎండాకాలం మంద తోలుకొని కృష్ణ ఆయకట్టు దిక్కు పోతం, మూడు నెలలు పొలాలల్లనే పండుకునుడు. చెవుల లోపల, కాలి గిట్టల నడుమ, తోక కింద చూస్తే పిడుదులు, మీరు గోమార్లు అనేటియే, ద్రాక్ష గుత్తుల లెక్క ఉంటయ్.

పోయిన ఏడు మా తమ్మునికి జ్వరం పట్టింది, తల పగిలిపోతున్నదని ఏడ్చిండు, ఒక ప్రైవేట్ దవాఖానల టైఫాయిడ్ అని ఎనిమిది దినాలు సూదులు వేసిండ్రు, జ్వరం ఇంత కూడా తగ్గలేదు, కండ్లు ఎర్రగైనయ్, ఊపిరి ఆడక ఆగమైండు. పెద్ద దవాఖానకు తీసుకపోతే అక్కడ ఒక మేడం బట్టలు విప్పించి మొత్తం వెతికింది, సంకల కింద మడతల బీడీతోని కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రగ, పావలా బిళ్లంత ఉన్నది. వానికే తెలవదు అది ఉన్నట్టు, నొప్పి లేదు దురద లేదు. మందు మార్చి ఇచ్చింది, రెండో దినానికే జ్వరం దిగింది, నేను నా కండ్లతోని చూసిన. ఆమె చెప్పింది స్క్రబ్ టైఫస్ అని. నాకు అడగాల్సింది ఏందంటే అది పిడుదుతోనేనా, ఇంకోదానితోనా? ఇంకోటి ఈ ఏడు మందల ఆరు గొర్లు ఈసుకపోయినయ్, నెలలు నిండకముందే పిల్లలను వేసినయ్, అది కూడా పిడుదులతోనేనా?

నల్లగొండ_డ్యూటీ:

నేను మనుషుల డాక్టర్‌ని, ప్రభుత్వ దవాఖానలో పని చేస్తాను, వానలు పడ్డాక మా వార్డులో ఇదే పని కాబట్టి రాస్తున్నా. అచ్చంపేట అన్న, మీ తమ్ముడికి పక్కు వెతికి పట్టుకున్న ఆ మేడం చేసింది చాలా పెద్ద పని. స్క్రబ్ టైఫస్ గోమారితో రాదు, గోమారికి దూరపు చుట్టమైన ఒక చిన్న ఎర్ర పురుగు పిల్లతో వస్తుంది, కంటికి ఆనీ ఆననంత ఉంటుంది, గడ్డిలో, పొదల్లో ఉండి కాళ్ల మీదుగా ఎక్కి బట్ట బిగుతుగా ఉండే చోటు దాకా పోయి కుడుతుంది, నడుము మడత, సంక, గజ్జ, ఆడవాళ్లకు రొమ్ము కింద. అందుకే ఎవరికీ కనపడదు. రోగం చేసే బాక్టీరియా పేరు ఓరియెంషియా.

గోమారితో మనుషులకు వచ్చేది ఇంకోటుంది, రికెట్సియా కొనోరై, ఇండియన్ టిక్ టైఫస్ అంటాం. ఎక్కువగా కుక్క గోమారి మోస్తుంది. దేవరకొండ తమ్ముడు అడిగిన భయానికి అసలు జవాబు ఇక్కడుంది. ఆవు అనాప్లాస్మా మీ నాయినకు రాదు, కానీ గోరుతో నలిపినప్పుడు ఆ గోమారిలో రికెట్సియా ఉంటే దాని ఒంట్లో రసం మొత్తం పగుళ్ల మీద పడుతుంది, కుట్టకుండానే లోపలికి పోయే దారి దొరుకుతుంది. అదే చేత్తో కన్ను నలుపుకుంటే ఆ దారిన కూడా పోతుంది. పగుళ్లున్న చేయి అంటేనే నాకు భయం వేసింది చదువుతుంటే. పైగా రికెట్సియా తల్లి గోమారి నుంచి గుడ్లకు కూడా పోతుంది, అంటే ఎవరినీ కుట్టకముందే పిల్ల గోమారిలో ఉండొచ్చు.

రికెట్సియా మనిషిలో చేరాక రక్తనాళాల లోపలి పొర కణాల్లో దూరుతుంది. కణం దాన్ని ఒక సంచిలో మూసేస్తుంది, ఇది ఆ సంచి చించుకుని బయటపడి, కణం సొంత ప్రొటీన్లనే తోకలాగ అల్లించుకుని ఆ తోక తోపుతో పక్క కణంలోకి దూసుకుపోతుంది, రక్తంలోకి మళ్లీ రావాల్సిన పనే లేదు. అట్లా గోడ పొడుగునా పాకుతూ పోతుంటే నాళం కారడం మొదలవుతుంది, అందుకే మూడు నాలుగు రోజులకు ఒంటి మీద ఎర్ర మచ్చలు, చాలామందికి అరచేతులు అరికాళ్లలో కూడా. ముదిరితే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు. ఈ జాతికి పేరు పెట్టింది హోవార్డ్ రికెట్స్ అనే డాక్టర్ మీద, అమెరికాలో రాకీ పర్వతాల మచ్చల జ్వరం గోమారితో వస్తుందని 1906లో చూపించింది ఆయనే, 1910లో మెక్సికోలో టైఫస్ మీద పని చేస్తూ టైఫస్‌తోనే చనిపోయాడు. 39 ఏండ్లు.

ఇవి కణం లోపల ఉండే బాక్టీరియాలు కాబట్టి పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి ఎన్ని రోజులు ఎక్కించినా పని చెయ్యవు, మీ తమ్ముడికి ఎనిమిది రోజులు అదే జరిగి ఉంటుంది. డాక్సిసైక్లిన్ పని చేస్తుంది, గర్భిణులకైతే అజిత్రోమైసిన్ ఇస్తాం. ఇది చదివి మెడికల్ షాపులో కొనుక్కుని మింగకండి, కానీ డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు నోరు తెరిచి చెప్పండి, మేం గొర్లు కాస్తాం, గోమార్లు ఏరుతాం, అడవి పక్క పొలంలో పండుకున్నాం అని. డెంగీ, మలేరియా, విడాల్ (టైఫాయిడ్ కోసం చేసేది) పరీక్షలు రాసి పంపేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్తే ఆలోచన మారుతుంది. మేం అడగాలి, నిజమే, కానీ ఓపీలో రెండు వందల మంది ఉన్నప్పుడు అడగడం మర్చిపోతాం.

పాతతరం_మునుగోడు:

మా తాతల కాలంల బీడీ కొస తాకిస్తే పిడుదు దానంతట అదే ఊడి పడేది, లేకుంటే గాసునూనె చుక్క వేసేటోళ్లు. ఇన్ని రోగాలు అప్పుడు లేవు.

నల్లగొండ_డ్యూటీ:

పెద్దాయనా, ఊడి పడేముందు అది ఏం చేస్తుందో చూడాలి. కాలినా, నూనె తగిలినా ఉక్కిరిబిక్కిరై కడుపులోది, ఉమ్మి మొత్తం కుట్టిన చోటనే కక్కొచ్చు. మనకు వద్దనుకున్నది అదే కదా. సన్న మొన పట్కారు, కనుబొమ్మలు తీసే ప్లక్కర్ అయినా సరే, చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని మెలితిప్పకుండా నిదానంగా నిట్టనిలువుగా గుంజాలి. నోటి ముక్క లోపల మిగిలితే సూదితో తవ్వొద్దు. సబ్బుతో కడగాలి. తీసినదాన్ని స్పిరిట్ సీసాలో వెయ్యండి. ఎంత తొందరగా తీస్తే అంత మంచిది, కొన్ని బాక్టీరియాలు గోమారి కడుపులోంచి ఉమ్మిలోకి రావడానికి ఒక రోజు దాకా పడుతుంది, కొన్నింటికి గంటలే చాలు. జ్వరాలు అప్పుడు కూడా ఉండేవి, పేరు తెలియక గాలి జ్వరం, దయ్యం జ్వరం అన్నాం అంతే.

పాలమూరు_పశువైద్యం:

గొర్లు ఈసుకపోవుడు గురించి, పిడుదు మీదికి తోసెయ్యొద్దు. బ్రూసెల్లా కావొచ్చు, కాక్సియెల్లా కావొచ్చు, రెండూ బాక్టీరియాలే, ఇంకా వేరేయి కూడా ఉన్నయ్, పరీక్ష చేస్తేనే తెలుస్తది. కాక్సియెల్లా పిడుదులల్ల కూడా దొరుకుతది కానీ మనుషులకు ఎక్కువగ అంటేది ఈనిన గొర్రె మాయ, నీళ్లు, వాటితోని కలిసి ఎండిన దుమ్ము పీల్చుడుతోని. ఈసుకపోయిన పిల్లను, మాయను ఉత్త చేతులతోని పట్టుకోవద్దు, కుక్కలకు వెయ్యొద్దు, సున్నం వేసి లోతుగ పూడ్చండి. గర్భిణి ఆడవాళ్లను మందల ఈనేటి కాడికి పంపకండి. 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యశాల బండి వస్తది, నమూనాలు తీస్తరు.

దేవరకొండ తమ్ముడూ, మందు ఆవు ఒంటి మీదనే కొట్టి ఆగితే సగం పనే. ఒక జాతి గోమారి పిల్లగ ఎక్కిందంటే మూడు వారాలు ఒకటే పశువు మీద ఉండి కడుపు నింపుకొని కింద పడుతది, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తది. ఇంకో జాతి రక్తం తాగి దిగి గోడ సందులల్ల దాక్కుంటది, మళ్ల వస్తది. మేత తొట్టి వెనక, గుంజల పగుళ్లల్ల, నేల దగ్గర మట్టి పెచ్చులు లేచిన కాడ చూడు. ఒంటి మీద కొట్టే మందు ఏది, ఎంత నీళ్లల్ల కలపాలె అన్నది మీ డాక్టర్ తోని రాయించుకో, అందాజుగ ఎక్కువ పోస్తే ఆవుకు విషం అయితది, రక్తం లేని ఈ ఆవుకు ఇప్పుడే కొట్టకు.

దేవరకొండ_పాడి:

సార్, ఇయ్యాల పొద్దుగాల చూసినం. తొట్టి వెనక గోడకు మట్టి పూత ఒక చెయ్యంత లేచి ఉంటే గడ్డపార కొసతోని లేపిన. లోపల గోధుమ రంగుల మెరుసుకుంట గసగసాలు జిగురుతోని అంటుకున్నట్టు ముద్దలు, ఒకటి కాదు నాలుగైదు, పక్కనే కడుపు ఎండిపోయి ముడతలు పడ్డ పెద్ద గోమార్లు చచ్చి ఉన్నయ్. నాయిన అట్లనే నిలబడ్డడు కొంచెంసేపు. ఇన్నేండ్లు మీది నుంచి ఏరినం, ఇవి ఇక్కడ ఉన్నయా అన్నడు. పశువులను బయట చెట్టు కింద కట్టేసి, పెచ్చులన్ని గీకి కుప్ప చేసి కాల్చినం, మేస్త్రిని పిలిచి సందులు సిమెంట్‌తోని మూయిస్తున్నం, సున్నం నానబెట్టినం.

ఆవు పొద్దున సగం గంప పచ్చగడ్డి తిన్నది, పెండ మెత్తగైంది, రెప్పలు ఇంక తెల్లగనే ఉన్నయ్. ప్లక్కర్ తెచ్చిచ్చిన నాయినకు, చేతులకు తొడుగులు వద్దంటున్నడు చెమట పడుతదని, కానీ నలుపుడు మాత్రం మానిండు, ఒక సీసాల స్పిరిట్ పోసి తాడుతోని కొట్టం గుంజకు కట్టిన. మధ్యాహ్నం వరకే అండ్ల ముప్పై పైన పడ్డయ్.

ఇంకొకటి అడుగుత, ఆయనకు మొన్నటికెంచి ఒళ్లు నొప్పులు అంటున్నడు, జ్వరం లేదు. ఆగాల్నా, చూపించాల్నా?

నల్లగొండ_డ్యూటీ:

రోజూ పొద్దున సాయంత్రం థర్మామీటర్ పెట్టి రాసుకో, రెండు వారాలు. జ్వరం తగిలిన రోజే తీసుకురా, ఆగొద్దు, వచ్చేటప్పుడు గోమార్లు నలిపిన సంగతి చెప్పు. ఇవ్వాళ రాత్రి స్నానం చేసేటప్పుడు వీపు, సంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక లైటు పెట్టి నువ్వే చూడు తమ్ముడూ, ఆయన చూసుకోలేడు.